ఫోన్‌లో బాగుపడిన సర్వర్

ఇంద్రజ ఉద్యోగం ఊడేలా ఉంది.

"శనివారం సాయంత్రం లోపల ఒక్క కస్టమరైనా తనంతట తానుగా ఫోన్ చేసి నిన్ను మెచ్చుకోవాలి. లేదంటే విజయవాడ బండెక్కు" అని మేనేజర్ బాలకృష్ణన్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. చెన్నై టి. నగర్‌లో చీరల కొట్టు పైన ఆయన కంప్యూటర్ ఆఫీసు. 'మీ సర్వర్ నిదానమా? ఫోన్‌లోనే బాగుచేస్తాం' అని పేపర్లో ప్రకటన కూడా వేయించాడు. ఆ ఫోను మోగితే ఒట్టు!

మంగళవారం మోగింది.

"తిరువొత్తియూరు నుంచి దేవరాజులు. మా సర్వర్ శానా నిదానంగా ఉండాదమ్మా" అన్నాడు అవతలాయన.

తెలుగు! ఇంద్రజకు ప్రాణం లేచొచ్చింది. "మెమరీ ఎంతండీ?"

"మెమరీకేం, బ్రహ్మాండం! ఎవరేమడిగినా ఒక్కటీ మరిచిపోదు."

"పెద్దదా, చిన్నదా?"

"లైట్‌వెయిటే. కానీ పొద్దున జనం ఒక్కసారిగా పడితే నడి దోవలో నిలబడిపోతాది. పిలిచినా పలకదు. వచ్చినోళ్ళు ఎదురోడి దగ్గరికి పోతా ఉండారు."

"కాసేపు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూశారా?"

"కూచోబెడితే మళ్ళా లేవదమ్మా!"

"పోనీ, కొత్తది తెచ్చుకోకూడదూ?"

"వామ్మో! ఆ మాట గట్టిగా అనబాక. ఇంట్లో అగ్గి పుడతాది."

పిసినారి కుటుంబం కాబోలు అనుకుంది ఇంద్రజ. "సరే, ఎవరైనా ఏదైనా అడిగితే ఏం చేస్తుందో చెప్పండి."

"లోపలికి పోయి, మొదట్నించీ తయారుచేసి, తెచ్చిస్తాది. ఇంకొకరు అడిగితే మళ్ళా మొదట్నించీ."

రోగం దొరికింది! ప్రతి పేజీకీ, దాన్ని తయారుచేసే స్క్రిప్టు కొత్తగా మొదలై, పని కాగానే ఆగిపోతోందన్నమాట. చిన్న సర్వర్లను చంపేది ఇదే. స్క్రిప్టూ గిప్టూ అంటే ఈయన బెదురుతాడని, మామూలు మాటల్లో చెప్పింది.

"తయారుచేసే పని సర్వర్‌తో చేయించకండి. అడిగింది లోపలికి చేరవేయడం, అయింది తెచ్చివ్వడం, అంతే దాని పని. తయారీకి లోపల వేరే పెట్టండి. దాన్ని మధ్యమధ్యలో ఆపొద్దు, ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి."

"ఆపకుంటే ఖర్చు గదమ్మా?"

"ప్రతిసారీ మొదలుపెట్టే ఖర్చు ముందు అదెంతండీ! ఇంకో మాట. రోజూ మారనివి ఉంటాయి కదా, అవన్నీ ముందే బయట పెట్టేయండి. వాటికోసం లోపలికి పోనక్కర్లేదు."

"ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదే" అని ఫోన్ పెట్టేశాడు దేవరాజులు.

శుక్రవారం దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇంద్రజ బట్టలు కూడా సర్దేసుకుంది.

శనివారం ఫోన్ మోగింది. బాలకృష్ణన్ స్పీకర్ నొక్కాడు.

"నువ్వు చల్లగా ఉండాల తల్లీ! సర్వర్ పరుగులు పెడతా ఉండాది. కాచుకునేవాళ్ళే లేరు. పోయినోళ్ళంతా మళ్ళా ఈడికే! సుమ్మా, ఊరికే చెప్పడం లేదు, నీయంత తెలివి ఇంకొకరికి లేదు."

"శభాష్!" అని బాలకృష్ణన్ బల్ల గుద్దాడు. ఉద్యోగం పర్మనెంట్ అన్నాడు. ఇంద్రజకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్పీకర్లో దేవరాజులు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"రేపు మా టిఫిన్ కొట్టుకు రామ్మా, లోపల పెనం ముందర నేనే నిలబడి దోసె పోస్తా, మా సర్వర్ పంకజం, అదే మా ఇంటిది, తన చేత్తో తెచ్చి నీకు వడ్డిస్తాది!"