నాలుగో సీటు

"నలుగురుంటేనే బండి ఇస్త సారూ. ముగ్గురితోని ముందలికి పోదు."

జూపార్కులో సైకిల్ బండ్లు చూసుకునే బీరయ్య మాటకు వేణుగోపాల్‌కు ఒళ్లు మండింది.

పొద్దున్నుంచీ ఇదే వరస. ఛత్రినాకలో బస్సు ఎంతకీ రాలేదు. వచ్చింది కాస్తా కిక్కిరిసి ఉంది. ఇక్కడేమో ఎండలో లైను. తీరా వంతు వచ్చాక ఈ మాట.

"ఆ ముక్క ముందే చెప్తే ఏంబోయె? ఇంతసేపు నిలబెట్టుడెందుకు?"

"పోదాం పాండి, ఇంకోసారి వద్దాం" అంది భార్య సూర్యప్రభ.

"ఇంకోసారి అంటే అయ్యే పనేనా?"

వేణుగోపాల్ తల్లి కోమలవల్లి ఆ బండినే చూస్తోంది. నాలుగు సీట్లు, నాలుగు జతల పెడళ్లు, పైన రంగురంగుల గుడ్డ. పార్కు చాలా పెద్దది. నాలుగడుగులు వేస్తే ఆమెకు ఆయాసం. వయసు కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. బండి ఎక్కితే కూర్చునే పులుల దాకా పోవచ్చని వేణుగోపాలే ఆమెను బయల్దేరదీశాడు.

"నేనొస్త. నాలుగో మనిషిని."

చెట్టు నీడలో కూర్చున్న ఓ పెద్దాయన లేచి వచ్చాడు. తెల్లచొక్కా, నెరిసిన గడ్డం.

ముక్కూ మొహం తెలియని మనిషిని తల్లి పక్కన కూర్చోబెట్టడం వేణుగోపాల్‌కు నచ్చలేదు. కానీ వేరే దారి లేదు.

ముందు సీట్లలో భార్యాభర్తలు. వెనక కోమలవల్లి, ఆయన.

బండి కదలగానే కోమలవల్లి చిన్నపిల్లలా నవ్వింది.

"వేణూ! పుట్టి బుద్ధెరిగిన కాంచి సైకిల్ ఎక్కలేదురా!"

"మీరు కాళ్లు కదపకుండ్రి అమ్మా. మీ వంతు గూడ నేనే తొక్కుత" అన్నాడు పెద్దాయన.

"ఎందుకు? నాకు మస్తు మంచిగుంది!"

జింకలు దాటాయో లేదో, ఆయన వెనక నుంచి కేకేశాడు.

"ఆపుండ్రి బాబూ. చెప్పు తెగినట్టుంది."

వేణుగోపాల్ ఆపాడు. చెప్పు తెగలేదు. ఆయన దాన్ని విప్పి, దులిపి, తీరిగ్గా మళ్లీ తొడుక్కున్నాడు.

మలుపు తిరగగానే మళ్లీ.

"జర ఆపుండ్రి. ఆ కొమ్మ మీద ఎన్ని చిలకలున్నయో చూడుండ్రి."

"చిలకల కోసం బండి ఆపాల్నా?" వేణుగోపాల్ పళ్లు కొరికాడు.

నల్లా కనబడగానే మూడోసారి.

"దాహమైతున్నది. ఆపుండ్రి."

పక్కనున్న చాయ్ బండి నుంచి గ్లాసు అడిగి తెచ్చాడు. నీళ్లు పట్టి, ముందు కోమలవల్లికి ఇచ్చాడు.

"దాహం మీకా, మా అమ్మకా?"

ఆయన తన సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. ఆమె గ్లాసు పట్టుకున్న చేతినే చూస్తున్నాడు.

"ఏంది పెద్దాయనా! అడుగడుగుకు ఇట్ల ఆపితే పులుల దాకా పోయేదెప్పుడు? బండి మళ్ల టైముకు అప్పజెప్పాలె."

"బాబూ, ఒక్క మాట. జర పక్కకు రాండ్రి."

"ఏమున్నా ఇక్కడనే చెప్పండి."

పెద్దాయన కోమలవల్లి మొహంలోకి చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇగ చాలు. వెనక్కి పోదాం."

"మీకు చాతకాకుంటే దిగండి! మా అమ్మ ఇన్నేండ్లకు సరదా పడుతున్నది."

"అది గాదు బాబూ, అమ్మకు..."

"దిగమంటున్న గదా!"

"ఏమండీ, పెద్దమనిషిని పట్టుకొని..." అంది సూర్యప్రభ.

"నువ్వూరుకో."

పెద్దాయన దిగాడు. గేటు వైపు తిరిగి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

"చూసినవా? ఇంతసేపు కాళ్లల్ల బలం లేనట్టు నాటకం. ఇప్పుడెట్ల ఉరుకుతున్నడో చూడు!"

బండి బరువెక్కింది. ముందు ఎత్తు వచ్చింది. చక్రాలు కదలనంటున్నాయి. వేణుగోపాల్‌కు చెమటలు కారుతున్నాయి.

"అమ్మా, గట్టిగ తొక్కు! ఇంకొంచెమే!"

వెనక నుంచి నవ్వు వినబడలేదు.

సూర్యప్రభ తిరిగి చూసి కెవ్వుమంది.

కోమలవల్లి ఖాళీ సీటు మీదికి ఒరిగిపోయి ఉంది. చెయ్యి గుండె దగ్గర కొంగును బిగించి పట్టుకుంది.

ఇద్దరూ బండిని వెనక్కి తిప్పి ఎలా తొక్కారో వాళ్లకే తెలియదు.

గేటు దగ్గర ఒక ఆటో స్టార్టయి నిలబడి ఉంది. పక్కనే పెద్దాయన.

"ఇటు! ఇటు తీసుకరాండ్రి!"

ఒక పక్క ఆయనే ఎత్తి పట్టుకున్నాడు. ఆమె తలను సూర్యప్రభ ఒళ్లో పెట్టాడు.

"సీదా దవాఖానకు పోనియ్యి భాయ్. యాడా ఆపకు."

డాక్టర్ నాడి చూసి, కళ్లద్దాలు తీశాడు.

"కాస్త ముందు తెచ్చి ఉంటే..."

కర్మకాండలు ముగిశాక వేణుగోపాల్ ఒక్కడే పార్కుకు వచ్చాడు. చెట్టు నీడలో ఎవరూ లేరు.

"ఆ పెద్దాయన ఏడి? ఒకసారి కలవాలె."

బీరయ్య అతన్ని గుర్తుపట్టాడు.

"వైకుంఠం సారా? ఆ దినం మీ ఆటో పోయినంక గాడనే కూలబడ్డడు. మళ్ల ఇటు రాలే."

"డాక్టరా ఆయన?"

"కాదు సారూ. గాజుల దుకాణముండె. పెద్ద వయసు ఆడోళ్లు ఎవరన్న బండెక్కుతుంటే, జాగ ఉంటె తను గూడ ఎక్కుతడు. దార్ల ఏదో ఒక సాకు చెప్పి ఆపిస్తనే ఉంటడు. అందరు తిడ్తరు. అయినా ఊకోడు."

"ఎందుకట్ల?"

బీరయ్య సీట్లు తుడవడం ఆపాడు.

"పోయినేడు ఆయన భార్య గీ బండి మీదనే పోయింది సారూ. జర ఆపుండ్రి, జర ఆపుండ్రి అని ఆమె అడిగిందట. ఆయన ఆపలేదు."