ఓంద్రేయ్ ఎగిరే కారు

మార్గితా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరిదిగారికి దగ్గు తగ్గిందా? మనవరాలి జ్వరం పోయిందా? నాకు మాత్రం నిద్ర లేదు.

మా ఆయన ఓంద్రేయ్ ఎగిరే కారుకు పేరు రాయించుకుని, అది దిగడానికి పెరట్లో ప్లమ్ చెట్లన్నీ కొట్టించాడు కదా. పన్నెండేళ్లుగా కంపెనీవాళ్లది ఒకటే మాట, వచ్చే వసంతానికని.

పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "అది రాగానే నీకోసం వస్తానే, కలిసి పోదాం" అన్నాడు.

"అయితే నేను నూరేళ్లు బతుకుతాలే" అన్నాను. నవ్వుతూనే కన్నుమూశాడు.

ఏటా వాళ్లు వాయిదా వేసినప్పుడల్లా దొంగవెధవలని తిట్టి, లోపల హమ్మయ్య అనుకుని మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించి దండం పెట్టుకునేదాన్ని.

నిన్న కంపెనీ మనుషులు వచ్చి పెరట్లో సున్నంతో పెద్ద సున్నా గీసి వెళ్లారు. మే నాలుగున దింపుతారట. ఇదీ అబద్ధమేలే. అయినా నువ్వు జిలినాలో పొద్దుటి బస్సెక్కి మే మూడునే వచ్చెయ్యి.