సొమ్మసిల్లే వంశం

మోకాలికి మూడో కుట్టు పడుతుంటే ఏడేళ్ల పిల్లాడు ఒంగి మరీ చూస్తున్నాడు.

"సూది వంకరగా ఉందేంటి?" అని నర్సును అడిగాడు కూడా.

గుమ్మం దగ్గర నిలబడ్డ నానమ్మ మొహం మాడిపోయింది.

"చూశావా వీడి ధైర్యం!" అంది కోడలితో. "పోయిన మీ మామగారు రక్తం చూస్తే నిలువునా కూలిపోయేవారు. ఆయన తమ్ముళ్లూ అంతే. నా కొడుకూ అంతే. వీడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడో నువ్వే చెప్పాలి."

నర్సు చెయ్యి ఆపి తలెత్తింది. కోడలికి తల కొట్టేసినట్టయింది.

ఆ మాట ఆస్పత్రితో ఆగలేదు. ఫోన్ల మీద చుట్టాలందరికీ పాకింది. తాళాలు బాగుచేసే మొగుడు మాత్రం వేళ్ల నిండా గాట్లతో, ఆకురాయి పట్టుకుని తలొంచుకునే ఉన్నాడు. తల్లిని ఆపడు, పెళ్లాన్ని వెనకేసుకురాడు. అత్త నోటికన్నా ఆ మౌనమే ఆమెను ఎక్కువ కాల్చింది.

నెల తిరిగేసరికి ఆమే మొగుడితో అంది. "డీఎన్ఏ పరీక్ష చేయించండి. మీ కొడుకు కాదని తేలితే నేనే గడప దాటి పోతాను."

"మన మధ్య ఇవన్నీ ఎందుకు?" అని అతను గొణిగాడు.

"ఈ మాట మీ అమ్మ ముందు అనలేకపోయారా?"

ల్యాబులో సూది కనబడగానే మొగుడు కుర్చీలో వాలిపోయాడు. అత్త కొంగుతో విసురుతూ, "ఇదీ మా వంశం!" అని అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా అంది. పిల్లాడేమో చెయ్యి చాపి, తన రక్తం గొట్టంలోకి ఎలా ఎక్కుతోందో చూస్తూ కూర్చున్నాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. పిల్లాడు అతని కొడుకే.

కోడలు దాన్ని తెచ్చి అత్త ఒళ్లో పడేసింది. "చదువుకోండి అత్తయ్యా. మళ్లీ అందరికీ ఫోన్లు చెయ్యండి."

అత్త కళ్లజోడు వెతుక్కుంటున్నట్టు లేచి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. తప్పయిందన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. గెలిచానన్న సంతోషం కోడలికి కాస్తయినా లేదు. ఒళ్లు మండిపోతూనే ఉంది.

"వాడికి మీ జబ్బు రాలేదు, అంతే!" అంది మొగుడితో. "ఏం, వచ్చి తీరాలా?"

అతను మూసిన తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నాకూ రాలేదు. రక్తం కనబడితే నాన్న ఎదురుగా అలా పడిపోవాలని నాకు చిన్నప్పుడు అమ్మే నేర్పింది."