తొమ్మిది గంటల పలకరింపు

"మళ్లీ అదే ఎర్రర్," అంటూ ద్వారకానాథ్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"అప్‌గ్రేడ్ చేస్తే అంతా ఫాస్ట్‌గా ఉంటుందని నిన్న మీరే కదండీ అన్నారు!" కుసుమ గొంతులో కోపం కన్నా నీరసమే ఎక్కువగా ఉంది. "పదకొండయింది. ఇంతవరకూ ఒక్కరికీ ఫోన్ వెళ్లలేదు."

మెల్‌బోర్న్‌లో ఒంటరిగా ఉంటున్న నలభై ఒక్క మంది పెద్దవాళ్లకు, నగర శివారు ట్రుగనీనాలోని ఆ చిన్న ఆఫీసు నుంచి రోజూ తొమ్మిదింటికి ఫోన్లు మొదలవుతాయి. ఎలా ఉన్నారు, మందులు వేసుకున్నారా అని కుసుమ పలకరిస్తుంది. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే పోలీసులకు చెప్పి, క్షేమం కనుక్కోవడానికి, అంటే 'వెల్‌ఫేర్ చెక్'కి, వాళ్లని ఇంటికి పంపిస్తుంది. ఆ ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీద, ద్వారకానాథ్ చూసుకునే సర్వర్ నుంచే వెళ్తాయి.

"పోనీ నంబర్లివ్వండి, నా మొబైల్ నుంచి చేస్తాను."

"నంబర్లూ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయండీ. సాఫ్ట్‌వేర్ కొత్తది, డేటాబేస్ పాతది. వెర్షన్ కలవట్లేదని తెరవనివ్వట్లేదు."

"అవన్నీ నాకు తెలీవు. నిన్న విద్యావతి ఆంటీ ఒకటే దగ్గు."

ద్వారకానాథ్ తెర వైపు తిరిగాడు. పొద్దున్న ఆరింటి నుంచీ అదే తెర చూసి చూసి కళ్లు మండుతున్నాయి. సర్వర్ ఏమేం చేసిందో రాసిపెట్టే లాగ్‌ను మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి కంటపడింది. డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌లోకి మార్చే పని, డిస్క్ నిండిపోయి సగంలో ఆగిపోయింది. ఖాళీ ఉందో లేదో చూసుకోకపోవడం తన తప్పే. పాత కాల్ రికార్డింగులు తీసేసి, శనివారం నాటి బ్యాకప్ ఎక్కించి, మళ్లీ మొదలుపెట్టాడు.

ఒంటిగంటకు డయల్‌టోన్ వినిపించింది. సంతోషించే ఓపిక కూడా లేక ఇద్దరూ హెడ్‌సెట్లు తగిలించుకుని, చెరిసగం పేర్లు పంచుకున్నారు.

విద్యావతి ఆంటీ దగ్గుతూనే పలికారు. ఒక్కొక్కరే పలుకుతుంటే కుసుమ పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ పోయింది. రెండున్నరకు నలభై టిక్కులయ్యాయి. మిగిలింది ఒక్క హనుమయ్య గారు. ఎనభై రెండేళ్లు, రెండు వీధుల అవతలే ఇల్లు.

ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారీ అంతే.

"మొదటి రింగుకే ఎత్తే మనిషండీ," అంది కుసుమ.

ద్వారకానాథ్ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిదికే చేసుంటే..." అని ఆగిపోయాడు.

ఆమె పోలీసుల నంబరు నొక్కబోతుండగా ఎవరో దబదబా తలుపు కొట్టారు. ద్వారకానాథ్ లేచి తీశాడు. ఇద్దరు పోలీసులు.

"వెల్‌ఫేర్ చెక్. ఆర్ యూ ఆల్ ఓకే ఇన్ హియర్?"

వాళ్ల వెనక నుంచి, చేతికర్ర ఊతంగా, హనుమయ్య గారు తొంగిచూశారు. "అమ్మయ్య, బతికే ఉన్నారా! పొద్దుట్నుంచీ మీ ఫోన్ లేకపోయేసరికి, మీకేమైందోనని నేనే వీళ్లని తీసుకొచ్చా!"