రంగు మారితే

“సీసా నీళ్లు వద్దు, అన్నా. మీ బోరు కాడ నేనే పట్టుకుంట,” అంది సుస్మిత.

గురవయ్య చేతిలోని సీసాను మళ్లీ ఆమె ముందుకు చాపాడు. పొద్దున్నే సైకిలేసుకుని పోయి నింపుకొచ్చిన సీసా అది. అవీ బోరు నీళ్లేనని ఎంత చెప్పినా ఆమె వినలేదు. పరీక్ష పెట్టె పట్టుకుని నేరుగా పెరట్లోకి నడిచింది.

తిరుమలగిరి అవతల ఆ పల్లెలో ఎవరి నడుము వంగినా, ఎవరి కాలు వంకరపోయినా నీళ్లనే తిట్టుకుంటారు. ఊరి చివరి చేతిపంపుకు తాగొద్దని ఎర్ర రంగు పూసి ఏళ్లయింది. గురవయ్య భార్య నర్సింగమ్మ ఎడమ మోచెయ్యి నాలుగేళ్లుగా చాపడానికి రావడం లేదు. రెండు వేళ్లు పక్కకు తిరిగిపోయాయి. ఎవరడిగినా ఫ్లోరైడ్ అని గురవయ్యే చెప్పేవాడు. ఆమెను ఒంటరిగా ఎక్కడికీ పంపడు. దవాఖానలో డాక్టరు ఆమెను అడిగే ప్రశ్నలన్నిటికీ అతనే జవాబిస్తాడు. అంత కనిపెట్టుకుని ఉండే మొగుడు దొరకడని వాడకట్టు ఆడవాళ్లు అనుకుంటారు.

ఇంటి నీళ్లు పరీక్షిస్తే గానీ మందు రాయనని కిందటి వారం డాక్టరు తేల్చి చెప్పి, ఈ ల్యాబు అమ్మాయిని పంపాడు. అప్పటి నుంచి గురవయ్యకు ముద్ద దిగడం లేదు.

సుస్మిత గాజుగొట్టంలో బోరు నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసింది. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

“ఈ మందుల జిర్కోనియం అని ఒక లోహం రంగును పట్టుకొని ఉంటది. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటే ఆ లోహాన్ని గుంజుకుంటది. అప్పుడు గులాబీ పోయి పసుపు వస్తది,” అంది.

“ఎంతసేపు?”

“పది నిమిషాలు.”

అదే బోరు నీళ్లు తాగే పక్కింటి ఐలేశం గోడ మీంచి తొంగి చూశాడు. “నా బద్ధకం గూడ గీ నీళ్లతోనే అని రాయున్రి మేడం. మా ఆమె నమ్ముతలేదు,” అంటూ తెల్లటి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

గురవయ్యకు నవ్వు రాలేదు. బనీను వీపుకు అతుక్కుపోయింది. గాజుగొట్టం మీంచి చూపు తిప్పకుండా ఇంటి దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. గడప మీద కూర్చున్న నర్సింగమ్మ మాత్రం ఆ గొట్టం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మొగుడి మొహమే చూస్తోంది.

పది నిమిషాలు గడిచాయి. గులాబీ అట్లాగే ఉంది.

“ఫికర్ లేదన్నా. మంచి నీళ్లు.”

గురవయ్య గాజుగొట్టం మీదికి వంగాడు. “జర మళ్లొకసారి చూడున్రి,” అన్నాడు.

ఆమె మళ్లీ చూసింది. మళ్లీ గులాబీయే.

సుస్మిత గొట్టం కడిగి పెట్టెలో పెట్టింది. వచ్చి నర్సింగమ్మ పక్కన కూర్చుని, ఆ వంకర మోచేతిని మెల్లగా పట్టుకుంది.

“మరి నీ చెయ్యి ఎట్లయిందక్కా?”

“అది పుట్టుకతోనే...” గురవయ్య అందుకున్నాడు.

“నేను అక్కను అడిగిన.”

నర్సింగమ్మ మొగుడి మొహం మీంచి చూపు తిప్పి సుస్మితను చూసింది. తర్వాత నాలుగేళ్లలో మొదటిసారి తన జవాబు తనే చెప్పింది.

“గీయిననే ఇరగ్గొట్టిండు.”