పై అంతస్తులో పెళ్లి

లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య టక్కున ఆగిపోయింది.

తిబో మీటలన్నీ నొక్కాడు, తలుపు గుద్దాడు. అది కదిలితేనా! శనివారం మేయరు ఆఫీసులో పెళ్లి వెంట పెళ్లి. వంతు దాటితే తర్వాతి జంటను కూర్చోబెట్టేస్తారు. పై హాల్లో ఇప్పుడు జరగాల్సింది అతని పెళ్లే.

"కంగారు పడకండి. మీ వంతు ఎక్కడికీ పోదు," అంది పక్కనున్న నీలం కోటు ఆవిడ. యాభై దాటిన మనిషి. బస్సు కోసం చూస్తున్నంత తాపీగా నిలబడింది.

"మీకేం మేడమ్, ఎన్నయినా చెబుతారు. పెళ్లి మీది కాదుగా."

ఇద్దరికే ఇరుకైన లిఫ్టు. అతని కోటుకి గుచ్చిన తెల్లపువ్వు ఆవిడ భుజానికి తగిలి నలిగిపోతోంది.

పైనుంచి తల్లి కేకేసింది. "ఒరేయ్ తిబో, ఎక్కడున్నావురా? అపొలీన్ ఎప్పుడో వచ్చేసింది."

"లిఫ్టులో ఇరుక్కున్నానమ్మా."

"ఇవాళే ఇరుక్కోవాలా నువ్వు?"

వెంటనే పెళ్లికూతురి గొంతు. "ఫర్లేదు తిబో, తొందరేం లేదు. నిదానంగానే రా."

ఆ మాటకి అతని మొహం పాలిపోయింది. గోడకి జారబడ్డాడు.

"చూశారా, ఎంత మంచిదో. ఒక్క మాట అనదు. అందుకే నాకు ఊపిరాడట్లేదు."

"లిఫ్టులోనా?"

"పెళ్లిలో."

వినే మనిషి దొరికితే ఎవరు మాత్రం ఆగుతారు? తిబో ఉన్నదంతా కక్కేశాడు.

"మెట్రో తలుపులో నా కోటూ ఆమె కండువా కలిసి ఇరుక్కున్నాయి మేడమ్. తలుపు మళ్లీ తెరుచుకునేదాకా నవ్వుకున్నాం. అంతే మా కథ. మా అమ్మ దాన్ని ప్రతి విందులోనూ, భోజనం చివర చీజ్ పళ్లెం వచ్చే వేళకి, కళ్లు తుడుచుకుంటూ మొదటినుంచీ చెబుతుంది. అపొలీన్ వాళ్ల నాన్నా అంతే. సినిమాలోలా కలిశారని అందరికీ ఒకటే మురిపెం. మేమిద్దరమే కూర్చుంటే మాత్రం ఆ మెట్రో సంగతి తప్ప ఇంకో మాట దొరకదు."

"ఆమెతో చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? గుండె పగిలిపోతుంది పిచ్చిపిల్లకి."

"మరి పైకెళ్లి ఏమంటారు?"

"అందరి ముందూ ఏమంటాను? సరేనంటాను." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ లిఫ్టు సాయంత్రం దాకా కదలకపోతే బాగుండును."

"అంటే, ఈ పెళ్లి మీకిష్టం లేదు."

"లేదు," అన్నాడు తిబో. ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదటిసారి.

ఆవిడ చేతిసంచీ తెరిచి నీలం, తెలుపు, ఎరుపు రంగుల పట్టీ తీసి భుజం మీదుగా వేసుకుంది. పెళ్లి జరిపించే డిప్యూటీ మేయరు వేసుకునే పట్టీ అది. తర్వాత ఆవిడ జేబులోంచి చిన్న తాళంచెవి తీసి మీటల కింద తిప్పింది. లిఫ్టు బుద్ధిగా కదిలింది.

"అయితే ఇది పాడవలేదా?"

"పైన అందరి ముందూ అడిగితే నిజం ఎవరు చెబుతారు బాబూ? దిగులు మొహాలతో వచ్చినవాళ్లని ఇక్కడే ఆపి అడుగుతాను."

లిఫ్టు ఆగింది. తలుపు సందులోంచి తల్లి టోపీ, ఆ వెనక పూలగుత్తి పట్టుకున్న అపొలీన్ కనిపించారు.

"మేడమ్, ఇప్పుడు ఆమెకి ఎలా చెప్పను?" అని గొణిగాడు తిబో.

"ఇందాక ఆ పిల్లా ఇదే లిఫ్టులో, మీరు నించున్న చోటే నించుని, మీకెలా చెప్పాలని నన్నే అడిగింది."