ఎనిమిదింటి బండి

పెంచలయ్య ఖాకీ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. టోపీ కొంచెం వదులు, మాటిమాటికీ జారుతుంది. సుత్తి భుజాన వేసుకున్నాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా చుట్టి చంకలో ఇరికించాడు. పొద్దున్నే మోకాళ్లు రెండూ మొరాయించాయి. అయినా రైలు కట్ట ఎక్కాలి. ఎక్కకపోతే ఆ ఇంట్లో ముద్ద దిగదు.

వెనకాలే క్యారేజీ పట్టుకుని మాలకొండమ్మ.

"జోళ్లు ఏసుకుంటివా నాయనా? ముళ్లుండాయి."

"ఏసుకున్నాలేమ్మా."

ఇప్పటివాళ్లకు తెలియదు గానీ, ఆ కట్ట మీద ఒకప్పుడు ఉప్పు బండి నడిచేది. మడుల్లో పండిన ఉప్పు, బుట్టల్లో ఎండు చేపలు, వాటి సందుల్లో జనం. పొద్దున ఎనిమిదింటికి పోతే మళ్లీ సాయంత్రమే రావడం. లారీలొచ్చాక ఉప్పు తగ్గింది. ఒక తుఫానుకు వాగు మీద వంతెన కొట్టుకుపోయింది. కడతామన్నారు, కట్టలేదు. పట్టాలు పెరుక్కుపోయి యాభై ఏళ్లు దాటింది. స్లీపరు చెక్కలు పడవల కింద దిమ్మలయ్యాయి. బడిలో గంట కొట్టేది ఆ పట్టా ముక్క మీదే. మిగిలిందల్లా కట్ట, కాస్త కంకర, దాని నిండా సర్కారు తుమ్మ.

ఆ లేని పట్టాల వెంట రోజూ మూడు కిలోమీటర్లు నడక. వానైనా అంతే, జ్వరమైనా అంతే. కీమాన్ పని అది మరి. బండి రాకముందే పట్టాలను పట్టి ఉంచే కీలన్నీ కొట్టి చూసుకుంటూ పోవాలి. కీలు లేవు కాబట్టి పెంచలయ్య కంకర మీద కొడతాడు. వంతెన దగ్గర పచ్చ జెండా ఊపితే డ్యూటీ అయినట్టు. అప్పుడుగానీ క్యారేజీ మూత తెరుచుకోదు. నడక మధ్యలో ఆగితే ఆ పూట పస్తే. పోయిన ముసురులో మూడు రోజులు కట్ట ఎక్కడం కుదరలేదు. నాలుగో రోజు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఊళ్లోవాళ్లు ఎవరూ నవ్వరు. ఎదురుపడితే తలొంచుకుని పక్కకు తప్పుకుంటారు.

"ఆ వంపులో రెండు కీలు వదులైనాయని నిన్న చెప్తివే నాయనా?" గుర్తు చేసింది మాలకొండమ్మ.

"అవునమ్మా, మరిచేపోయినా." రెండు దెబ్బలు వేశాడు పెంచలయ్య.

వంపు తిరిగితే కట్ట లేదు.

ఎవరో రొయ్యల గుంటలు తవ్విస్తున్నారు. జేసీబీ కట్టను అడ్డంగా కోసేసింది. పదడుగుల గండి. అడుగున బురద నీళ్లు. జేసీబీ తోలే మనిషి పేరు రూఫస్. నాయుడుపేట నుంచి వచ్చాడు, ఈ పక్క మనుషులెవరూ తెలియదు.

"ఏం స్టేషన్ మాస్టరు తాతా! ఒక టికెట్టు గొట్టు, మెడ్రాసు పోవాల," అని పైనుంచే నవ్వాడు.

పెంచలయ్య సుత్తి దించాడు. మాలకొండమ్మ ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె క్యారేజీ కింద పెట్టింది.

"కట్ట తెగింది నాయనా. బండొచ్చే టైమయింది. ఎర్ర జెండా పాతు."

పాతాడు. ఎర్ర జెండా పాతిన కీమాన్ లైను బాగయ్యేదాకా అక్కణ్నించి కదలకూడదు. నడుం పట్టేసింది. ఆ ఎండలోనే జెండా పక్కన కూలబడ్డాడు.

రూఫస్‌కు నవ్వు ఆగిపోయింది. దిగి దగ్గరికొచ్చాడు.

"అక్కా, పెద్దాయన్ని ఇంటికి పిలుచుకపోరాదా? సోలిపోతాడు."

"డ్యూటీ ఇడిసిపెట్టి ఎట్టొస్తాడన్నా?"

రూఫస్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అదే ముక్కు, అదే నుదురు. మొండితనం గూడా ఒకటే," అని గొణిగాడు.

పెంచలయ్య వాణ్ని పక్కకు పిలిచాడు. చేతులు జోడించాడు. వల తాళ్లకు కాయలు కాసిన చేతులు.

"అబ్బయ్యా, మనిషి దాటేంత మట్టి ఆ గండిలో పొయ్యి. మేం దాటినాక మళ్లా తోడుకో. లేకుంటే ముద్ద దిగదు. మళ్లా ఆసుపత్రే."

"కాంట్రాక్టరు చూసినాడంటే నన్ను దింపేస్తాడు తాతా."

"పది నిమిషాల పనే గదా."

రూఫస్ రోడ్డు వైపు ఒకసారి చూశాడు. "ప్రభువా" అనుకుంటూ ఎక్కి కూర్చున్నాడు. మట్టి పోశాడు. బకెట్టు బోర్లించి మూడుసార్లు అదిమాడు కూడా.

మాలకొండమ్మ కాలితో తొక్కి చూసింది. "గట్టిగానే ఉండాది నాయనా. జెండా మార్చు."

ఇద్దరూ దాటారు.

"తాతా!" వెనకనుంచి అరిచాడు రూఫస్. "ఇట్టాంటి కూతురు కోటికొకరు. మా ఇంట్లో అయితే నిన్ను మంచానికి కట్టేసుంటారు."

"అవునబ్బయ్యా," అన్నాడు పెంచలయ్య, వెనక్కి తిరక్కుండానే.

"రేపటికి ఈ కట్టే ఉండదు. ముందే చెప్తాండా."

ఆయన నడక ఆపలేదు. రేపటి సంగతి ఆలోచించే ఓపిక లేదు.

వాగులో వంతెన తాలూకు మొండి స్తంభాలు మూడు, వాటి మీద కొంగలు. నడుం మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో పచ్చ జెండా ఊపాడు పెంచలయ్య. డ్యూటీ అయింది. మాలకొండమ్మ క్యారేజీ విప్పింది. అన్నం, మట్టగిడస చేపల పులుసు. ఆమె మొదటి ముద్ద మింగేదాకా చూసి, అప్పుడు తన ముద్ద కలుపుకున్నాడు.

"నాకప్పుడే పెళ్లి చెయ్యబాక నాయనా," అంది మాలకొండమ్మ. "నేను పోతే నీకు క్యారేజీ ఎవురు తెస్తారు?"

నలభై నాలుగేళ్ల కిందట ఆమె మెడలో మూడు ముళ్లు వేసిన మేనమామ పెంచలయ్య, ముసలితనం వచ్చేదాకా వల తప్ప సుత్తి పట్టి ఎరగని మనిషి, కీమాన్‌గా చేసి ఏనాడో పోయిన ఆమె తండ్రి టోపీని నెత్తిన సరిచేసుకుని, "ఇప్పుడేం తొందర్లేదులేమ్మా" అన్నాడు.